ఉద్యమం పట్టా ఎవని పేర ఉన్నది?

2024 ఉగాదికి మొదలైన ఏడాదికి మన పంచాంగం 'క్రోధి' అని పేరు పెట్టింది. పంచాంగాన్ని నమ్మేటోళ్లు నమ్ముతరు, నమ్మనోళ్లు నవ్వుతరు గని, ఆ ఏడు ప్రపంచంల నడిచిన సంగతులు చూస్తే పేరు మాత్రం సరిగ్గ కుదిరిందనిపిస్తది. ఇంగ్లీషు పత్రికలు దాన్ని ఎన్నికల సంవత్సరమన్నయి. అరవైకి పైగా దేశాలల్ల ఓట్లు పడ్డయి. లండన్‌ల పద్నాలుగేండ్ల కన్సర్వేటివ్ పాలన కూలింది. వాషింగ్టన్‌కు ట్రంప్ మళ్లొచ్చిండు. టోక్యోల పాలక కూటమి మెజారిటీ పోగొట్టుకున్నది. ఢిల్లీల 303 సీట్ల పార్టీ 240కి దిగి మిత్రుల భుజం మీద చెయ్యేసి నిలబడ్డది. వీటి మీద టీవీలు, పత్రికలు కావలసినంత మాట్లాడినయి. గాజా మారణకాండను ఇందుల ఒక వాక్యంగ ఇరికిస్తే అది పాపమైతది, దానికి వేరే వ్యాసమే రాయాలె.

ఆ ఏడు జనం చేతుల దెబ్బతిన్న పార్టీలల్ల కొన్నింటిది వేరే కథ. అవి మామూలు పార్టీలు కావు. దేశాన్ని తెచ్చిన పార్టీలు. తెచ్చినంక, తెచ్చిన దేశానికి తామే పట్టాదార్లమనుకున్న పార్టీలు. బంగ్లాదేశ్‌ల అవామీ లీగ్, దక్షిణాఫ్రికాల ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్, బోట్స్వానాల డెమోక్రటిక్ పార్టీ, మొజాంబిక్‌ల ఫ్రెలిమో. ఒకటి పారిపోయింది, ఒకటి సగమైంది, ఒకటి మర్యాదగ దిగిపోయింది, ఒకటి తుపాకి పట్టుకుని గద్దె మీదనే కూసున్నది. నాలుగు తీర్ల ముగింపులు. గని నాలుగు చోట్లా జనం అడిగిన ప్రశ్న ఒక్కటే. ఉద్యమమంటే మూడెకరాల చెలకనా, తండ్రి పోతే బిడ్డ పేర విరాసత్ చేసుకునేందుకు?

రజాకార్ అన్న ఒక్క మాట

ముందుగాల ఢాకా. 1971 ముక్తి యుద్ధంల కొట్లాడినోళ్లకు సర్కారు నౌకర్లల్ల 30 శాతం కోటా 1972లనే పెట్టిండ్రు. కాళ్లు చేతులు పోగొట్టుకుని వచ్చినోళ్లకు, ఇండ్లు కాలిపోయినోళ్లకు కొత్త దేశం ఆ మాత్రం చేయాలె. ఏండ్లు గడిచినయి. యోధులకు వయసు మీదపడ్డది. నౌకరి అడిగేటోళ్లు లేకుండపోయిండ్రు. అప్పుడు ఏం చేయాలె? 1997ల దాన్ని వాళ్ల కొడుకులు బిడ్డలకు మలిపిండ్రు. 2010ల మనుమలు మనుమరాండ్లకు మలిపిండ్రు. రెండు తాపలూ గద్దె మీద ఉన్నది షేక్ హసీనానే. ఎవరు యోధుడో ఎవరు కాదో తేల్చే జాబితా సర్కారు చేతులనే. ఆ జాబితాల దొంగ పేర్లు దూరినయని ఢాకా పత్రికలే ఎన్నో తాపలు రాసినయి.

2018ల విద్యార్థులు రోడ్డెక్కితే పై స్థాయి నౌకర్లల్ల కోటాలు రద్దు చేసిండ్రు. 2024 జూన్ 5న హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. పోయిందనుకున్న 30 శాతం మళ్ల లేచి కూసున్నది. జూలైల యూనివర్సిటీలు అంటుకున్నయి.

ఇక్కడ ఒక మాట పక్కకు జరిగి చెప్పాలె. రిజర్వేషన్లంటే పండ్లు కొరికేటోళ్లు మన దగ్గర తక్కువేం లేరు. ఢాకాను చూపెట్టి 'చూసిండ్రా, కోటాలు పెడితే గిట్లనే అయితది' అనేటోళ్లది పెడర్థం. తరతరాలుగ తొక్కబడ్డోళ్లకు వాటా ఇచ్చుడు వేరు. అధికార పార్టీ తన చరిత్ర మీద తానే శిస్తు వసూలు చేసుకునుడు వేరు. జూలై 21న అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. 93 శాతం మెరిట్‌కు పోయింది. యోధుల కుటుంబాలకు 5, ఆదివాసీ జాతులకు 1, వికలాంగులకు, హిజ్రాలకు కలిపి 1 మిగిలింది. ఆడోళ్లకు ఉండిన 10 శాతం, జిల్లాలవారీగ ఉండిన 10 శాతం ఊడ్చుకపోయినయి. పార్టీ తన మనుషుల కోసం పట్టుకున్న కోటాతోపాటు న్యాయమైన కోటా కూడ మునిగింది. దాని గురించి ఏడ్చినోళ్లు తక్కువ.

మళ్ల అసలు సంగతికి వస్త. జూలై 14న హసీనా విలేకర్ల ముందట ఒక మాట జారింది. ముక్తి యోధుల మనుమలకు కాకుంటే రజాకార్ల మనుమలకు ఇయ్యాల్నా నౌకర్లు, అన్న అర్థం వచ్చేటట్టు మాట్లాడింది. ఆ రాత్రే ఢాకా యూనివర్సిటీ హాస్టళ్లల్లకెల్లి పిల్లలు బయటికొచ్చిండ్రు. ఆడపిల్లలు హాస్టల్ గేట్లు దాటిండ్రు. మేమెవరం అంటె రజాకార్లం, అట్లన్నదెవరు అంటె నియంత, అని నినాదం కట్టిండ్రు.

రజాకార్ అన్న మాట ఎంత బరువైందో మనకు ఎవరూ చెప్పవలసిన పని లేదు. మన దగ్గర ఆ పేరు 1947, 48ల ఖాసిం రజ్వీ సైన్యానిది. అక్కడ 1971ల పాకిస్తాన్ ఫౌజుకు తోడు నిలిచి సొంత ఊర్ల మీద పడ్డోళ్లది. మనుషులు వేరు, కాలం వేరు, గని రెండు నేలల మీదా అంతకన్న పెద్ద తిట్టు లేదు. ఆ తిట్టును యాభై మూడేండ్ల తర్వాత పుట్టుకతోనే స్వతంత్రులైన పోరగాండ్ల మీద పారేసింది ఒక ప్రధానమంత్రి. పోరగాండ్లు దాన్ని ఎత్తుకుని మెడల వేసుకుని ఊరేగిండ్రు. 1971 పేరు చెప్పి అందరి నోరు మూయించే ఆయుధం ఆ ఒక్క రాత్రి తుప్పు పట్టింది. (మన దగ్గర అదే 2024 మార్చిల 'రజాకార్' అని ఒక సినిమా వచ్చింది. ఆ పదాన్ని ఇయ్యాల్టి మనుషుల మీద ఎట్ల వాడుకోవచ్చో చూసేటోళ్లు ఇక్కడా ఉన్నరు.)

తర్వాత నడిచింది అందరికీ తెలుసు. జూలై 16న రంగ్‌పూర్‌ల అబూ సయీద్ అనే విద్యార్థి రెండు చేతులు చాపి పోలీసుల ముందట నిలబడ్డడు. కాల్చేసిండ్రు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. 18న ఇంటర్‌నెట్ కోసేసిండ్రు. తర్వాత కర్ఫ్యూ. 'కొథా కొ', అంటె 'మాట్లాడు' అని షెజాన్ అనే కుర్రోడు కట్టిన ర్యాప్ పాట ఫోన్లల్ల మారుమోగింది. 'ఆవాజ్ ఉఠా' అని పాడిన హన్నాన్‌ను జైల్ల వేసిండ్రు. పాటకు భయపడ్డ సర్కారు ఎక్కువ దినాలు నిలవదు. ఆగస్టు 5న హసీనా హెలికాప్టర్ ఎక్కి మన దేశానికి వచ్చింది. జూలై 1 నుంచి ఆగస్టు 15 దాకా 1,400 మంది దాకా చనిపోయి ఉంటరని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2025 ఫిబ్రవరిల లెక్క చెప్పింది. 2025 నవంబర్‌ల అక్కడి ట్రిబ్యునల్ ఆమె లేకుండనే ఆమెకు ఉరిశిక్ష వేసింది. ఆమె పోయినంక ఆ ఆగస్టుల హిందువుల ఇండ్ల మీద, గుళ్ల మీద కూడ దాడులు జరిగినయి. నియంత పోతె తెల్లారి రామరాజ్యం వస్తదని నేను రాస్తలేను.

పేరు కోసం కోర్టు మెట్లు

దక్షిణాఫ్రికా సంగతి ఇంతకన్న చిత్రమైంది. అక్కడ ఉద్యమం పట్టా కోసం నిజంగనే కోర్టుకు పోయిండ్రు.

1961 డిసెంబర్ 16న, మండేలా ముందుండి నడిపితె, 'ఉంఖోంతో వె సిజ్వె' అన్న సాయుధ దళం పుట్టింది. జాతి బల్లెం అని దానర్థం. తెల్లోళ్ల పాలన మీద కొట్లాడింది అదే. సరిగ్గ 62 ఏండ్లకు, 2023 డిసెంబర్ 16న, జాకబ్ జుమా అదే పేరుతోటి కొత్త పార్టీ వెనుక నిలబడ్డడు. జుమా ఎవరు? ఆ దళంల పనిచేసినోడే, రాబెన్ దీవి జైల్ల పదేండ్లు ఉన్నోడే, తర్వాత 2009 నుంచి 2018 దాకా దేశాధ్యక్షుడిగ ఉండి అవినీతి ఆరోపణలల్ల మునిగినోడే. ఏఎన్‌సీకి మండింది. పేరు మాది, గుర్తు మాది, ట్రేడ్‌మార్కు మాది అని దావా వేసింది. 2024 ఏప్రిల్‌ల డర్బన్ హైకోర్టు ఆ దావాను కొట్టేసింది.

ఒక్కసారి ఆలోచించండి. ఎందరో పిల్లలు చదువులిడిసి, సరిహద్దులు దాటి, ఏ ఊరి మట్టిలనో కలిసిపోయిన ఉద్యమం పేరు. దాని మీద సబ్బుబిళ్ల కంపెనీల లెక్క ట్రేడ్‌మార్కు కేసు. వాదిస్తున్నది ఒక దిక్కు గద్దె మీదున్నోళ్లు, ఇంకో దిక్కు గద్దె దిగినోడు. ఆ పేరుతోటి చచ్చినోళ్ల తరఫున మాట్లాడేందుకు ఆ కోర్టుల ఎవరున్నరు?

మే 29న ఓట్లు పడ్డయి. 1994ల 62 శాతం, 2004ల 70కి దగ్గర దగ్గర, 2019ల 57 శాతం తెచ్చుకున్న పార్టీ 40 శాతానికి పడ్డది. ముప్పయి ఏండ్లల్ల మొదటిసారి మెజారిటీ పోయింది. పేరు ఎత్తుకపోయిన జుమా పార్టీకి పుట్టిన ఆరు నెలల్లోపే 14 శాతానికి పైగా ఓట్లు పడి మూడో స్థానంల నిలిచింది. అంటె జనానికి కోపం బల్లెం మీద కాదు, బల్లెం పట్టుకుని తమ వంతు కరెంటు, నీళ్లు, నౌకర్లు మింగినోళ్ల మీద. పని వెతుక్కునే ప్రతి ముగ్గురిల దాదాపు ఒకరికి పని దొరకని దేశమది. 2023ల కరెంటు కోత లేని దినాన్ని వెతుక్కోవలసి వచ్చింది. 2012 ఆగస్టుల మారికానా గని దగ్గర సమ్మెల ఉన్న 34 మంది కార్మికులను కాల్చి చంపింది తెల్లోళ్ల పోలీసులు కాదు, మండేలా పార్టీ సర్కారు పోలీసులు. ఇప్పటి అధ్యక్షుడు రామఫోసా అప్పుడు ఆ గని కంపెనీ డైరెక్టర్లల్ల ఒకడు. మండేలా ఫోటో ఎంత పెద్దగ పెట్టినా ఈ లెక్కలు దాని వెనుక దాగవు.

ఏఎన్‌సీకి ఒక్క మెచ్చుకోలు ఇయ్యాలె. ఓట్ల లెక్కను కాదనలేదు. ఓడిన సీట్లను ఒప్పుకుని, తమను తిట్టిన డెమోక్రటిక్ అలయెన్స్‌తోటే కలిసి సర్కారు పెట్టుకున్నది. ఆ పొత్తు మంచిదా చెడ్డదా అన్నది వేరే కొట్లాట. గద్దె కోసం తుపాకి తీయలేదన్నది మాత్రం చిన్న సంగతి కాదు.

ఎందుకంటె పక్కనున్న మొజాంబిక్‌ల తీసిండ్రు. పోర్చుగీసోళ్లను తరిమి 1975ల స్వాతంత్ర్యం తెచ్చిన ఫ్రెలిమో అప్పటి నుంచి గద్దె దిగనే లేదు. 2024 అక్టోబర్ 9న ఎన్నికలు జరిపి 70 శాతం మాకే వచ్చిందన్నది. జనం నమ్మలేదు. ఫలితాలు రాకముందే ప్రతిపక్ష అభ్యర్థి వకీలును నడిరోడ్డు మీద కాల్చి చంపిండ్రు. మపూతోల రాత్రిళ్లు ఇండ్లల్లకెల్లి గిన్నెలు, గంటెలు కొట్టిండ్రు. అజగాయా అనే ర్యాప్ గాయకుడు అంతకు ముందటి ఏడే, 2023 మార్చిల చనిపోయిండు. జనానికే అధికారం అన్న అతని పాట వీధుల మీద బతికింది. వందల మంది పానాలు పోయినయి. ఫ్రెలిమో గద్దె మీదనే ఉన్నది.

బోట్స్వానాల మాత్రం ఒక్క తూటా పేలలేదు. 1966ల స్వాతంత్ర్యం వచ్చిన దినం నుంచి 58 ఏండ్లు ఒక్కటే పార్టీ ఏలింది. వజ్రాల పైసలతోటి బడులు, దవాఖానాలు కట్టింది, కాదనలేం. 2024ల వజ్రాలకు ధర పడ్డది, పడుచోళ్లకు పని లేదు. ఆగస్టు 8న పారిస్ ఒలింపిక్స్‌ల లెట్సిలే తెబోగో 200 మీటర్లు ఉరికి దేశానికి మొట్టమొదటి బంగారు పతకం తెచ్చిండు. తల్లి చనిపోయి మూడు నెలలు కూడ కాలేదు. అధ్యక్షుడు మసీసి తెల్లారి సగం దినం సెలవు ఇచ్చిండు. దేశమంతా ఎగిరింది. గని అక్టోబర్ 30న ఓటు వేసేటప్పుడు జనం పతకానికీ పార్టీకీ ముడిపెట్టలేదు. 61 సీట్లల్ల పాలక పార్టీకి దక్కినయి నాలుగు. లెక్కింపు పూర్తిగ కాకముందే మసీసి ఓటమి ఒప్పుకున్నడు. దిగిపోవుడు కూడ ఒక విద్యనే.

ధరలే కారణమా?

పెద్ద పెద్ద విశ్లేషకులు ఒక మాట అంటరు. కరోనా తర్వాత ధరలు మండినయి, మండితె ఎవరు గద్దె మీదుంటే వాళ్లను జనం దింపుతరు, లండన్‌లనైనా ప్రిటోరియాలనైనా అదే సూత్రం, ఇందుల ఉద్యమం లేదు మన్నూ లేదు, అని. సగం నిజం. బియ్యం ధర పెరిగితె ఉద్యమకారుని ఇంట్ల గూడ పొయ్యి ఆరుతది.

మిగిలిన సగం వాళ్లకు అర్థం కాదు. బ్రిటన్ కన్సర్వేటివ్ నాయకుడు ధరల గురించి అడిగితె ఏదో ఒక లెక్క చెప్పాలె. ఉద్యమ పార్టీకి ఆ అవసరం ఉండదు. నీళ్లేవి అంటె మేం జైలుకు పోయినం అంటరు. నౌకర్లేవి అంటె మేం లేకుంటె మీకు దేశమేదీ అంటరు. గట్టిగ అడిగితె నువ్వు శత్రువు మనిషివి అంటరు. పదేండ్లు, ఇరవై ఏండ్లు ఈ జవాబు చెల్లుతది. ఎందుకంటె అడిగేటోనికి కూడ లోపల ఎక్కడో కృతజ్ఞత ఉంటది. తండ్రి కొట్టినట్టు పడుతడు. ఆ కృతజ్ఞత ఖర్చయిపోయిన దినం వచ్చే కోపం బియ్యం ధర కోపం కన్న ఎన్నో రెట్లు పెద్దది. ఢాకాల విగ్రహాలు కూలింది అందుకే. లండన్‌ల ఎవరూ ఏ విగ్రహాన్నీ ముట్టలేదు.

గ్వాంగ్జు యాది

మరి చరిత్రను ఎవరూ పట్టా చేసుకోకుంటె ఏమైతది? మరిచిపోతరా? ఆ ఏడు దక్షిణ కొరియా దానికి జవాబు చెప్పింది.

1980 మేల గ్వాంగ్జు అనే ఊరిల సైనిక పాలన మీద జనం తిరగబడితె ఫౌజు దిగి ఊచకోత కోసింది. చచ్చినోళ్లను కమ్యూనిస్టులన్నరు, ఉత్తర కొరియా ఏజెంట్లన్నరు. ఏండ్ల తరబడి ఆ పేరు ఎత్తనియ్యలేదు. తల్లులు ఫోటోలు పట్టుకుని తిరిగిండ్రు. చచ్చినోళ్ల యాదిల కట్టిన ఒక పాటను సర్కారీ సభల అందరూ కలిసి పాడాల్నా, లేక గాయక బృందం పాడితె వినాల్నా అన్నదాని మీద కూడ ఏండ్లపాటు లొల్లి నడిచింది. మనకు ఇది వింతగ అనిపించదు. 2017ల గని మళ్ల అందరూ కలిసి పాడలేదు.

ఆ ఊరిల 1970ల పుట్టిన పిల్ల హాన్ కాంగ్. ఊచకోతకు నాలుగు నెలల ముందటనే వాళ్ల కుటుంబం సియోల్‌కు పోయింది. 2014ల ఆమె గ్వాంగ్జు మీద నవల రాసింది, ఇంగ్లీషుల 'హ్యూమన్ యాక్ట్స్' పేరుతోటి వచ్చింది. పార్క్ గెన్ హే సర్కారు నచ్చని కళాకారుల పేర్లతోటి దొంగచాటుగ రాసుకున్న నల్ల జాబితాల ఆమె పేరు కూడ ఉన్నది. 2024 అక్టోబర్ 10న ఆమెకు నోబెల్ ప్రకటించిండ్రు. ఆసియా నుంచి సాహిత్యానికి నోబెల్ తెచ్చుకున్న మొదటి ఆడమనిషి ఆమె. వారం తిరగకముందే ఆమె పుస్తకాలు పది లక్షలు అమ్ముడుపోయినయి.

రెండు నెలలు కాలేదు. డిసెంబర్ 3 రాత్రి పదిన్నర వేళ అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టీవీల కనిపించి మార్షల్ లా అన్నడు. హెలికాప్టర్లు పార్లమెంటు మీద దిగినయి. జనం ఇండ్లల్ల టీవీ ముందట కూసోలేదు. చలిల ఉరికొచ్చి ఫౌజుకు అడ్డం నిలబడ్డరు. ఎంపీలు గోడలు దుంకి లోపలికి పోయిండ్రు, స్పీకర్ గూడ గోడ దుంకిండు. అర్ధరాత్రి దాటినంక 190 మంది ఓటేసి మార్షల్ లా రద్దు చేయాలన్నరు. ఒక్కరు కూడ వ్యతిరేకించలేదు. తెల్లారకముందే అధ్యక్షుడు వెనక్కి తగ్గిండు. ఆరు గంటల ముచ్చట. తర్వాత చలికాలమంతా ఆడపిల్లలు సినిమా పాటల కచేరీలకు తీసుకపోయే రంగురంగుల లైట్లు పట్టుకుని రోడ్ల మీద నిలబడ్డరు. ఉద్యమ పాట రానోళ్లు 2007ల వచ్చిన గర్ల్స్ జనరేషన్ పాటనే ఉద్యమ పాట చేసుకున్నరు. 14న అభిశంసన, 2025 ఏప్రిల్ 4న కోర్టు యూన్‌ను పదవి నుంచి తొలగించింది.

ఈ నడుమనే హాన్ కాంగ్ స్టాక్‌హోమ్‌ల నోబెల్ ఉపన్యాసం ఇచ్చింది. గ్వాంగ్జు నవల రాస్తున్నప్పుడు తన ప్రశ్న ఎట్ల తిరగబడ్డదో చెప్పింది. బతికున్నోళ్లు చచ్చినోళ్లను కాపాడగలరా అని మొదలుపెట్టి, చచ్చినోళ్లు బతికున్నోళ్లను కాపాడగలరా అన్న కాడికి వచ్చిన అన్నది. అప్పటికి నాలుగు దినాల కింద సియోల్‌ల జరిగింది అదే కదా. పార్లమెంటు గేటు దగ్గర ఫౌజు ముందట నిలబడ్డోళ్లల్ల చాలా మంది 1980కి పుట్టనే లేదు. గ్వాంగ్జు ఏ ఒక్క పార్టీ బీరువాల తాళం కింద ఉంటె వాళ్లకు అంది ఉండేది కాదు.

అంతకు మూడు వారాల ముందట, నవంబర్ 14న, న్యూజిలాండ్ పార్లమెంటుల ఇంకో దృశ్యం. 1840 వైతాంగి ఒప్పందానికి కొత్త అర్థాలు రాసే బిల్లు వచ్చింది. మావోరీలకు మిగిలిన ఆసరా ఆ ఒప్పందమే. 22 ఏండ్ల ఎంపీ హానా రావితి మైపి క్లార్క్ లేచి బిల్లు ప్రతిని రెండు ముక్కలు చేసి హాకా ఎత్తుకున్నది. పక్కోళ్లు లేచిండ్రు, గ్యాలరీ లేచింది, సభ ఆగింది. ఆమెను ఒక దినం సస్పెండ్ చేసిండ్రు. అయిదు దినాలకు నలభై వేల మందికి పైగా రాజధానికి నడిచొచ్చిండ్రు. 2025 ఏప్రిల్‌ల ఆ బిల్లు 112కు 11 ఓట్ల తేడాతోటి ఓడింది. ఆట పాటను తీసిపారేసేటోళ్లు ఈ లెక్కను ఒకసారి చూడాలె.

మన వాకిట్ల

ప్రపంచమంతా తిరిగినంక ఇంటి ముచ్చట ఎత్తకుంటె దొంగతనమైతది. అదే 2024 జూన్ 2న అందెశ్రీ రాసిన 'జయ జయహే తెలంగాణ' రాష్ట్ర గీతమైంది. ఉద్యమంల ఊరూరా పాడిన పాటకు, రాష్ట్రం వచ్చి పదేండ్లు నిండినంక గని సర్కారీ ముద్ర పడలేదు. పడ్డ దినం గూడ సంతోషం పూర్తిగ దక్కలేదు, స్వరం ఎవరు కట్టాలె అన్న కొట్లాట వచ్చిపడ్డది. అదే ఏడు డిసెంబర్ 9న సచివాలయంల కొత్త తెలంగాణ తల్లిని నిలబెట్టిండ్రు. పాత తల్లి చేతుల బతుకమ్మ ఉన్నది, కొత్త తల్లి చేతుల లేదు. ఒకరి తల్లి ఒకరికి నచ్చదు. పాతోళ్లు పదేండ్లు పాటను పక్కన పెట్టిండ్రు, కొత్తోళ్లు బతుకమ్మను పక్కన పెట్టిండ్రు. పాట పాడినోళ్లను గాని, బతుకమ్మ పేర్చే ఆడోళ్లను గాని ఇద్దరిల ఎవరూ అడిగింది లేదు.

పేరుల నుంచి తెలంగాణ తీసి భారత్ పెట్టుకున్న పార్టీకి 2023ల గద్దె పోయింది. 2024 లోక్‌సభ ఎన్నికలల్ల 17 సీట్లల్ల ఒక్కటి రాలేదు. ఆ సీట్లను పంచుకున్న రెండు పెద్ద పార్టీలు తెలంగాణ తెచ్చింది మేమే, ఇచ్చింది మేమే, మద్దతు పలికింది మేమే అని ఇప్పటికీ మైకుల ముందట చెప్పుకుంటయి. తెచ్చుడు ఇచ్చుడు మధ్య చచ్చుడు ఎవరి ఖాతాల రాసిండ్రో ఆ మూడు పార్టీలూ చెప్పవు. అందెశ్రీ 2025 నవంబర్‌ల కన్నుమూసిండు. బడి మెట్లెక్కని మనిషి రాసిన పాటను ఇప్పుడు బడి పిల్లలు పాడుతున్నరు. అది ఏ పార్టీ దయా కాదు.

ఢాకాల ధాన్‌మండి 32 నంబరు ఇల్లు షేక్ ముజీబుర్ రహమాన్‌ది. 1971కి ముందు జనం ఆ ఇంటి ముందటనే గుమిగూడేది. 1975 ఆగస్టు 15న ఫౌజోళ్లు ఆయనను, ఇంటోళ్లను ఆ ఇంట్లనే కాల్చి చంపిండ్రు. విదేశంల ఉన్న ఇద్దరు బిడ్డలు మాత్రం బతికిండ్రు, వాళ్లల్ల ఒకరు హసీనా. తర్వాత ఇంటిని మ్యూజియం చేసిండ్రు, గోడల మీది తూటా గుర్తులను అద్దాల కింద దాచిండ్రు. హసీనా ఏలిన పదిహేనేండ్లల్ల ఆ ఇంటి మీద, ఆ పేరు మీద తిరుగు మాట మాట్లాడితె జైలు పెట్టే చట్టాలు వచ్చినయి. 2024 ఆగస్టు 5న ఆమె పారిపోయిన పూటనే జనం ఇంటికి నిప్పు పెట్టిండ్రు. ముజీబ్ ఏ తప్పు చేసిండని? ఆరు నెలలకు, 2025 ఫిబ్రవరి 5 రాత్రి, ఆమె ఆన్‌లైన్‌ల ప్రసంగిస్తదని తెలిసి మళ్ల వచ్చిండ్రు. ఈ తాప బుల్డోజర్లు తెచ్చుకున్నరు. తెల్లారెటాల్లకు చాలా గోడలు గూడ లేవు.